ఆగ్నెస్ గీసిన మూడు తీరాలు

ఆగ్నెస్‌ను చంపడానికి వచ్చినవాడు ముందు ఆమెకు గుడ్ మార్నింగ్ చెప్పాడు.

దరియాలతిప్ప దాటాక, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆమె పడవలో ఒక్కతే ఉంది. తీరం ఫోటోలు తీసి వచ్చిన డ్రోన్‌ని రెండు చేతులతో అందుకుంటోంది. అక్టోబరు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పక్కకి ఒక ఫైబర్ బోటు వచ్చింది. అందులో తెల్లతోలు మనిషి, నీలం టోపీ, మెడలో పెద్ద కెమెరా. పక్షుల కోసం ఇలాంటి టూరిస్టులు ఇటు వస్తూనే ఉంటారు. ఆగ్నెస్ నవ్వి చెయ్యూపింది. ఆ చెయ్యి కిందికి దిగేలోపే సైలెన్సర్ బిగించిన పిస్టల్ పొడిదగ్గు దగ్గింది.

వాడు ఆమె ల్యాప్‌టాప్ తీసుకున్నాడు. డ్రోన్ తీసుకున్నాడు. పడవ అడుగున చిల్లు పొడిచాడు. వెళ్తూ వెళ్తూ ఇసుకతిన్నె మీద నిలబడ్డ కొంగని ఫోటో కూడా తీసుకున్నాడు, దరిద్రుడు.

*

విశాఖపట్నంలో ఒక పాత మేడ. బోర్డు మీద ‘తీర వాతావరణ పరిశీలన’ అని ఉంటుంది. లోపల వాతావరణం గురించి మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. దేశం కోసం అబద్ధాలాడే మనుషులు మాత్రం నిండా ఉంటారు. వాళ్ళందరికీ పెద్ద ప్రకాశరావు.

ఆయన ఎదురుగా ఏజెంట్ సెబాస్టియన్ నిలబడి ఉన్నాడు. చనిపోయిన ఆగ్నెస్‌కి సొంత తమ్ముడు. కబురందేసరికి ఎక్కడో పరాయి దేశంలో పరాయి పేరుతో ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి అక్క మట్టిలో ఉంది.

"కూర్చో."

"నిలబడే వింటాను సార్."

ప్రకాశరావు గోడ మీద స్క్రీన్ వెలిగించాడు. యానాం, గోదావరి మొగ, సముద్రం. ఒడ్డు వెంట రంగురంగుల గీతలు.

"మీ అక్క మన ఆఫీసు కోసం చేసిన పని ఇది. ఇన్నేళ్ళ శాటిలైట్ ఫోటోలు, పాత ఫ్రెంచి పటాలు, సోనార్ రీడింగులు, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచింది. ఒడ్డు ఎక్కడ కోసుకుపోయింది, ఎక్కడ మేట వేసింది, మొగ ఏ ఏడు ఎటు తిరిగింది, ఒక్కో ఏడాదికి ఒక్కో గీత. ఆ గీతల్ని వెనక్కి నడిపించుకుంటూ పోతే పాతకాలపు ఓడరేవు ఒకటి దొరికింది. ఇదిగో, మొగకి సూటిగా, సముద్రం అడుగున." ఎర్రచుక్క మీద వేలు పెట్టాడు. "నీ ఫోన్‌కి పంపాను, చూసుకో."

"చరిత్ర కదా సార్. మనకేం పని?"

"రేవంటే లోతు. చుట్టూ అంతా తేరిన బురదే. ఈ గుంట ఒక్కటే లోతుగా మిగిలిపోయింది. అందులో ఒక యంత్రం దింపితే ఎవడి కంటా పడదు. విశాఖ నుంచి మన సబ్‌మెరైన్ కదిలితే చాలు, ఆ చప్పుడు వింటుంది. దాని పేరు ‘ఇయర్’, అంటే చెవి. దింపబోయేది ఒక విదేశీ ముఠా. మనం పెట్టిన కోడ్‌నేమ్ ‘శంఖం’. దాని మనిషి పేరు హెన్రిక్. మీ అక్కని కాల్చింది వాడే."

"పటం వాడి చేతికి ఎలా వెళ్ళింది?"

ప్రకాశరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్కే ఇచ్చింది సెబాస్టియన్."

"అబద్ధం."

"అబద్ధమైతే నాకూ సంతోషమే. కానీ పని అయ్యాక అడ్డు తొలగించుకున్నారు, ఇలాంటి ముఠాలు చేసేదే అది. ఫైల్లో ద్రోహి అని రాశాను. రాయక తప్పలేదు."

సెబాస్టియన్ పిడికిలి బిగుసుకుంది. ప్రకాశరావు ఆ పిడికిలి చూశాడు. చూసి, సొరుగులోంచి పిస్టల్ తీసి బల్ల మీద పెట్టి అతని వైపు నెట్టాడు.

"రూలు ప్రకారం ఈ కేసు నీకివ్వకూడదు. కానీ యానాం గుట్టుమట్లు తెలిసినవాడు నాకు నువ్వొక్కడివే. ప్రాణాలతో తేవాలన్న రూలు ఈసారి లేదు. వాడు కనపడగానే కాల్చెయ్. ప్రశ్నలొద్దు, మాటలొద్దు. దుర్గాశ్రీ అని వాడి తాలూకు మనిషి ఒకతి ఉంది, డాక్యుమెంటరీలు తీస్తుంది. అడ్డొస్తే ఆవిణ్ణీ వదలకు. మీ అక్కకి నేనివ్వగలిగింది ఇదొక్కటే."

ఆ మాట సెబాస్టియన్‌కి ఎంత నచ్చిందో చెప్పలేను. ప్రశ్నలొద్దనే గూఢచారి ఆఫీసరు భూమ్మీద ఎక్కడైనా ఉంటాడా అని చిన్న పిల్లాడికైనా అనుమానం రావాలి. ఇతనికి రాలేదు. పగ మీదున్న మనిషి బుర్ర సగమే పనిచేస్తుంది.

పోతుంటే ఒక చేతి గడియారం కూడా ఇచ్చారు. పక్కన బటన్ నొక్కితే చుట్టుపక్కల రిమోట్లన్నీ మూగబోతాయట. వెనకాల వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది.

*

డిసెంబర్లో యానాంకి చెన్నై నుంచి ఒక పీతల ఎక్స్‌పోర్ట్ ఏజెంట్ దిగాడు. గుబురు గెడ్డం, బంగారు ఫ్రేము కళ్ళజోడు, చొక్కా కింద పొట్టకి దిండు. చేపల మార్కెట్‌లో బేరాలాడాడు. టీ కొట్టు దగ్గర చిన్నప్పుడు తనకి లెక్కలు చెప్పిన మాస్టారి పక్కనే కూర్చుని టీ తాగాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. సెబాస్టియన్ తన వేషం చూసుకుని తనే మురిసిపోయాడు.

సాయంత్రం చర్చి వెనక వీధిలో ఒక పెంకుటింటి ముందు ఆగాడు. అరుగు పక్కన పొయ్యి మీద మూకుడు. తల్లి మరియమ్మ ఇనుప పువ్వు అచ్చుని పిండిలో ముంచి నూనెలో పెడుతోంది. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు.

"ఏవండీ, ఇక్కడ పీతలు టోకున ఎవరిస్తారో..."

మరియమ్మ తలెత్తలేదు. "ముందు ఆ గెడ్డం పీకెయ్యి. నూనెలో పడుద్ది."

సంస్థ మేకప్‌మాన్ పడ్డ శ్రమంతా ఆ ఒక్క మాటతో పోయింది. సెబాస్టియన్ గెడ్డం తీసి జేబులో పెట్టుకుని తల్లి పక్కన కూలబడ్డాడు. పువ్వు వేగి అచ్చులోంచి జారింది.

"ఆఫీసోళ్ళంట, ఎవరో వచ్చేర్రా," అంది మరియమ్మ. "అగ్రహారం దాకా ఇంటింటికీ తిరిగి, మీ ఆగ్నెస్ పరాయోళ్ళతో తిరిగేదా, పటాలు అమ్మేదా అని అడిగేరు. ఇంకేటుంది, ఊరంతా పాకిపోయింది. నవంబర్లో సమాధుల పండక్కి అందరి సమాధుల మీదా కొవ్వొత్తులెలిగాయి. దాని దగ్గరికి ఒక్క మడిసీ రాలేదు. గుడిలో ముందు బల్ల మీద కూకునేదాన్ని, ఇప్పుడు తలుపు దగ్గర కూకుంటన్నాను."

"వాణ్ణి చంపడానికే వచ్చానమ్మా."

"చంపు. వద్దంటానా? కన్న కడుపురా ఇది." ఆమె కళ్ళు మూకుడు మంటకి ఎర్రగా మెరిశాయి. "కానీ ముందు వాడి నోటితో నా కూతురు దొంగ కాదని చెప్పించు. చచ్చినోడు ఏటి చెబుతాడు?"

సెబాస్టియన్ చొక్కా సర్దుకున్నాడు. నడుం దగ్గర పిస్టల్ గుచ్చుకుంటోంది.

*

మరియమ్మ కబురందుకుని మర్నాడు పొద్దున్నే వీరబాబు వచ్చాడు. దరియాలతిప్ప మనిషి, సొంత పడవ ఉంది. ఆగ్నెస్ సర్వేలన్నిటికీ పడవ నడిపింది అతనే. సెబాస్టియన్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

"ఒరేయ్, ఆ సినిమా మేడమ్ నీతో మాట్లాడాలంటందిరా. నిన్న మీ ఇంట్లోకెళ్ళిన పీతల సేటుకి చెప్పమంది. డిసెంబర్లో పులస కావాలంట."

సెబాస్టియన్ ఉలిక్కిపడ్డాడు. వరద నీరు ఎర్రబడితేగాని పులస గోదావరి ఎక్కదు. ఆ చేపని డిసెంబర్లో అడిగేవాడు ఈ ఊళ్ళో ఎవడూ ఉండడు. అందుకే చిన్నప్పటి నుంచీ అదొక గుర్తు అతనికీ అక్కకీ. కష్టంలో ఉన్నాను, ఈ మాట తెచ్చినవాళ్ళని నమ్ము అని అర్థం. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు.

గోదావరి గట్టు మీద దుర్గాశ్రీ ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు, గట్టున పోయేవాళ్ళంతా తల తిప్పి చూసేంత అందం. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు సెల్ఫీ తీసుకుని వెళ్ళేదాకా ఓపిగ్గా నవ్వింది. పక్కన వచ్చి కూర్చున్న పీతల ఏజెంట్ ఒళ్ళో మడతపెట్టిన న్యూస్‌పేపర్, దాని కింద పిస్టల్.

"ఆ మాట నీకెలా తెలుసు?"

"ఆగ్నెస్ చెప్పింది."

"చంపే ముందు కక్కించారేమో."

"చంపినవాడు గుడ్ మార్నింగ్ తప్ప ఇంకేం మాట్లాడలేదు. ఆమె నవ్వి చెయ్యూపిందనీ, తను కొంగని ఫోటో తీశాననీ తర్వాత భోజనాల దగ్గర వాడే గొప్పగా చెప్పుకున్నాడు." ఆమె నల్ల కళ్ళద్దాలు తీసింది. "నేను హెన్రిక్ టీమ్‌లో పైకి యాంకర్‌ని. లోపల నేవీ ఇంటెలిజెన్స్. ఆగ్నెస్‌కి ఆ సంగతి చెప్పాను. సగం నమ్మింది. రేవు పటం కాపీ ఒకటి ఇచ్చి, నాకేమన్నా అయితే మా తమ్ముడికి ఈ మాట చెప్పమంది. ఆ రోజు నేను పక్కనుంటే బతికేది. లేను. నన్ను కాల్చాలనుంటే కాల్చు, కానీ ముందు ఇది విను."

"చెప్పు."

"చనిపోయే ముందురోజు ఆగ్నెస్ నా ఎదురుగానే మీ విశాఖ ఆఫీసుకి ఫోన్ చేసింది. నా పటం బయటికి పోతోంది సార్, దొంగ ఎవరో ఈ వారంలో తెలిసిపోతుంది అంది. తెల్లారేసరికి ఆమె లేదు."

"నీ కాపీ హెన్రిక్‌కి ఇచ్చావా?"

"ఇవ్వబోయినట్టు నటించాను. అక్కర్లేదన్నాడు. వాడి దగ్గర అప్పటికే ఒకటుంది. నాకు చూపించడు. రేపు పొద్దున ‘ఇయర్’ దింపుతున్నారు. పడవలో నేనూ ఉంటాను." ట్యాబ్ తెరిచి అతని ఒళ్ళో పెట్టింది.

సెబాస్టియన్ చూశాడు. అవే రంగురంగుల గీతలు. కానీ ఎర్రచుక్క మొగకి సూటిగా లేదు. ఉత్తరంగా, మడ అడవుల వైపు ఉంది.

అక్కడినుంచి తిన్నగా వీరబాబు పడవ దగ్గరికి వెళ్ళాడు. ఆగ్నెస్ తన చేత్తో వీరబాబు జీపీఎస్‌లో రేవు గుర్తు పెట్టి, ఎవరడిగినా ఇదే చెప్పమందట. ఆ గుర్తు దక్షిణాన ఉంది.

రేవు ఒక్కటి. చుక్కలు మూడు.

*

"అక్క పటాలన్నీ తప్పుల తడకమ్మా!" ఫోనూ, ట్యాబూ, జీపీఎస్సూ వంటింట్లో నేల మీద పరిచి తల పట్టుకున్నాడు సెబాస్టియన్. "ఇంత చదువు చదివి ఏం గీసిందో చూడు!"

"నా కూతురు గీత తప్పు గీయదు." మరియమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని వంగి చూసింది. ఒకటి చూసింది, రెండోది చూసింది, మూడోది చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. కూతురు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏంటమ్మా?"

"ఇది గులాబీ పువ్వుల లెక్కరా, సన్నాసీ! పండక్కి ముందే డబ్బా కాళీ చేసేసేవోళ్ళు గదా మీరు? నేనేం చేసేదాన్ని? బియ్యం డ్రమ్ములో దాచేనని నీకొక్కడికే చెప్పేదాన్ని. బీరువా మీదుందని అక్కకి. మంచం కింద ట్రంకులో ఉందని మీ నాన్నకి. బియ్యం నేలమీద పడుంటే నువ్వు. బీరువా పక్కన కుర్చీ ఉంటే అది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవర్నీ కొట్టక్కర్లేదు."

"ప్రతిసారీ నేనే దొరికేవాణ్ణి."

"నీకు ఆత్రం ఎక్కువ మరి."

సెబాస్టియన్ మూడు తెరల్నీ పక్కపక్కకి జరిపాడు. అక్క తప్పు గీయలేదు. మూడు తీరాలు గీసింది. ముగ్గురికి మూడు రేవులు చూపించింది. తన పని దొంగతనంగా బయటికి పోతోందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా వల పన్నింది. హెన్రిక్ బోటు ఉత్తరానికి తిరిగితే దుర్గాశ్రీ. దక్షిణానికి తిరిగితే వీరబాబు. సూటిగా పోతే...

విశాఖలో గోడ మీద చూసిన ఎర్రచుక్క గుర్తొచ్చింది. ఆ మూడోది అతను నోటితో అనలేకపోయాడు.

*

మొగ దగ్గర పాటు నడుస్తోంది. నీరు వెనక్కి లాగుతోంది. హెన్రిక్ తెల్ల లాంచీ దరియాలతిప్ప దాటి వెళ్తుంటే, దూరంగా వెనకాల వీరబాబు పడవ, అందులో వలలు, వలల మధ్య లుంగీ కట్టుకుని సెబాస్టియన్. ఒడిలో పిస్టల్.

"ఒరేయ్," అన్నాడు వీరబాబు చుక్కాని పట్టుకుని, "తుపాకీ మూతి నా వైపుందేటి?"

"లాంచీ ఎటు తిరుగుతుందో చూడనీ."

వీరబాబుకి అర్థమైంది. మొహం పాలిపోయింది, కోపంతో. "మీ అక్కని నీళ్ళలోంచి ఎత్తింది ఈ చేతుల్తోనేరా. చూడు, బాగా చూడు. దక్షిణానికి తిరిగితే కాల్చెయ్యి. ఆయ్!"

లాంచీ మొగ దాటింది. ఉత్తరానికి తిరగలేదు. దక్షిణానికి తిరగలేదు. గీసినట్టు సూటిగా పోయింది.

సెబాస్టియన్ పిస్టల్ మూతి కిందికి దించాడు. "క్షమించరా."

"తర్వాత చూసుకుందాం నీ క్షమాపణ. ఆడెటు పోతన్నాడో చూసేవా? అదంతా ఊబిరా! మీ అక్క నాతో ఎన్నిసార్లు కొలిపించిందో. బురద మీగడలా మెత్తగా ఉంటది. లోతు కొలిచే మిషను దాని లోంచి చూసి, లోతుందని అబద్ధం చెప్పుద్ది."

ఫోన్ మోగింది. ప్రకాశరావు.

"కనపడ్డాడా?"

"ఎదురుగానే ఉన్నాడు సార్."

"మాట్లాడనివ్వకు. కాల్చు. మీ అక్కని తలుచుకుని కాల్చు."

"తలుచుకుంటూనే ఉన్నాను సార్," అన్నాడు సెబాస్టియన్. పెట్టేశాడు.

ముందు లాంచీ ఒక్కసారి మూలిగినట్టు ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది, వెనకాల నల్లటి బురద లేస్తోంది, బోటు అంగుళం కదలడంలేదు. ఆ హడావిడిలోనే వెనక నుంచి ‘ఇయర్’ని గొలుసుతో దించేశారు. అది లోతుకి పోలేదు. నడుం దాకా బురదలో కూరుకుని, తల బయటపెట్టి, పొయ్యి మీద ఇడ్లీ పాత్రలా నిలబడింది.

డెక్ మీదున్న ఇద్దరు పనివాళ్ళు నీళ్ళలోకి దూకి, ఊబిలో ఈదలేక లాంచీ అంచు పట్టుకుని గోల పెడుతున్నారు. దుర్గాశ్రీ పిస్టల్ తీసింది. హెన్రిక్ ఆమె మణికట్టు మీద కొట్టి కింద పడేశాడు. వాడికి సంగతి అర్థమైపోయింది. జేబులోంచి చిన్న రిమోట్ తీసి మూత తెరిచాడు. ఎర్రలైటు టపటపా కొట్టుకోవడం మొదలైంది. యంత్రం, లాంచీ, సాక్ష్యం, దుర్గాశ్రీ, అన్నీ ఒక్క నొక్కుడుతో.

వీరబాబు తేలిక పడవ అప్పటికే బురద మీద జారుతూ లాంచీ దగ్గరికి వచ్చేసింది. సెబాస్టియన్ గడియారం బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. అద్దం కింద బురదనీళ్ళు అటూ ఇటూ ఊగాయి. వాటర్‌ప్రూఫ్ అని రాసినవాడు గోదావరిని చూసి ఉండడు.

పిస్టల్ ఎత్తాడు. హెన్రిక్ నుదురు సరిగ్గా గురిలో ఉంది. అక్క నవ్వి చెయ్యూపింది వీడికే. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అబ్బ, ఎంత కోరికగా ఉందో! ఒక్క లాగుడు. ఒక్కటంటే ఒక్కటి.

చచ్చినోడు ఏటి చెబుతాడు?

పిస్టల్ వదిలేశాడు. కాళ్ళ దగ్గరున్న విసురు వల అందుకున్నాడు. చిన్నప్పుడు నేర్చుకున్న విద్య చేతులు మర్చిపోలేదు. అంచు పళ్ళతో పట్టుకుని, నడుం తిప్పి విసిరాడు. వల గాల్లో గొడుగులా విచ్చుకుని హెన్రిక్ మీద పడింది. అంచున కట్టిన సీసం గుళ్ళు వాడి రెండు చేతుల్నీ కిందికి లాగేశాయి. బటన్ మీదికి దిగుతున్న బొటనవేలు వల కంతలో ఇరుక్కుంది. దుర్గాశ్రీ పాకుతూ వచ్చి రిమోట్ లాక్కుని మూత వేసింది. లైటు ఆరిపోయింది.

హెన్రిక్ పెనుగులాడి, వలతో సహా అంచు దాటి బురదలో పడ్డాడు. ఛాతీ దాకా దిగబడ్డాడు. కదిలినకొద్దీ ఇంకాస్త దిగుతున్నాడు. అప్పుడే పాటు ఆగి పోటు మొదలైంది. సముద్రం మెల్లిగా లోపలికి వస్తోంది.

సెబాస్టియన్ పడవ పక్కకి తెచ్చి, అంచు మీద తీరిగ్గా కూర్చున్నాడు. "గుడ్ మార్నింగ్," అన్నాడు ఇంగ్లిష్‌లో.

"లాగు! నన్ను పైకి లాగు!"

"నిన్ను కాల్చమని నాకు ఆర్డర్. మాట్లాడనివ్వొద్దని కూడా." ఫోన్ తెర మీద ప్రకాశరావు పేరు చూపించాడు. "ఈయనే ఇచ్చాడు."

హెన్రిక్ ఆ పేరు చూశాడు. భయం పోయి మొహమంతా ద్వేషం నిండింది. "నాకు పటం అమ్మినవాడే నన్ను కాల్చమన్నాడా? ఆ ఆడమనిషిని లేపెయ్యమన్నది కూడా వాడే!"

దుర్గాశ్రీ కెమెరా తిరుగుతోంది. హెన్రిక్ గొంతు చించుకుని అంతా చెప్పాడు. ఆగ్నెస్‌ని ఒక్కసారి కూడా కలవలేదని, పటం మొత్తం విశాఖ నుంచే వచ్చిందని, ఆమె ఫోన్ చేసిన రాత్రే తనకి కబురొచ్చిందని. చెప్పడం అయ్యేసరికి నీళ్ళు వాడి మెడ దాకా వచ్చాయి.

"ఒరేయ్," అన్నాడు వీరబాబు నెమ్మదిగా, "కెమెరాలో చెప్పించేసేవు గదా. వదిలేద్దాం. మనం చెయ్యెత్తక్కర్లేదు. పోటే చూసుకుంటది."

సెబాస్టియన్ కదల్లేదు. నీళ్ళు గడ్డానికి తగిలాయి. హెన్రిక్ తల వెనక్కి వాల్చి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. అక్క పడవలో పడిపోయి ఆకాశం చూస్తూ ఇలాగే ఊపిరి కోసం తన్నుకుని ఉంటుంది. పక్కన ఎవరూ లేరు. వీడు కొంగని ఫోటో తీసుకున్నాడు. సెబాస్టియన్ వాడి కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు వాడి నోట్లోకి పోయేదాకా, వాడు దగ్గేదాకా, ఏడ్చేదాకా.

అప్పుడు తాడు విసిరాడు.

"వీడి మీద జాలితో కాదురా," అన్నాడు లాగుతూ. "అమ్మ ముందు నిలబెట్టాలి."

*

"పని అయిపోయింది సార్," అని ఫోన్‌లో చెప్పాడు సెబాస్టియన్. "శవాన్ని మీరొచ్చి గుర్తుపట్టాలి. మా ఇంట్లోనే ఉంచాను. పోలీసులకి చెప్పలేదు."

ప్రకాశరావు కారులో స్వయంగా వచ్చాడు. చేతిలో ఆగ్నెస్ ఫోటోకి తెల్లపూల దండ. మరియమ్మ కుర్చీ వేసి, పళ్ళెంలో గులాబీ పువ్వులు పెట్టింది.

"తినండి బాబూ. అమ్మాయికి బాగా ఇష్టం."

"మీ బాధ నాకు తెలుసమ్మా," అన్నాడాయన, పువ్వొకటి విరిచి నోట్లో పెట్టుకుంటూ. "శవం ఎక్కడ?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని, జుట్టులో ఎండిన బురదతో, హెన్రిక్ గడప మీద నిలబడ్డాడు. వెనకాల దుర్గాశ్రీ, యూనిఫాంలో.

పువ్వు ముక్క ప్రకాశరావు గొంతులో అడ్డం పడింది. దగ్గాడు. మరియమ్మ మంచినీళ్ళివ్వలేదు.

"సూటిగా పోయాడు సార్," అన్నాడు సెబాస్టియన్. "ఉత్తరానికి కాదు, దక్షిణానికి కాదు. ఆ చుక్క మీకొక్కరికే ఇచ్చింది అక్క. నా పగని మీ తుపాకీలో గుండులా పెట్టి, వీడి నోరు మూయించాలనుకున్నారు. కాల్చేసుంటే అక్క ఎప్పటికీ ద్రోహిగానే ఉండిపోయేది. నేనే అలా చేసుండేవాణ్ణి, నా చేత్తో!" అతను ఒక అడుగు ముందుకేశాడు. "మిమ్మల్ని ఇక్కడే పీక పిసికి చంపాలని ఉంది సార్. దేవుడి మీద ఒట్టు."

"సెబాస్టియన్, విను, మనం మాట్లాడుకుందాం..."

"నాతో కాదు." సెబాస్టియన్ పక్కకి తప్పుకుని వీధి తలుపు బార్లా తెరిచాడు. అరుగు కింద వీధంతా జనం. చర్చి వాళ్ళు, కుళాయి దగ్గర మరియమ్మతో మాట్లాడ్డం మానేసినవాళ్ళు, దరియాలతిప్ప నుంచి వీరబాబు తోలుకొచ్చినవాళ్ళు. "వాళ్ళతో చెప్పండి. అక్క ఫైల్లో మీరు రాసిన మాట ఎవరికి చెందుతుందో పైకి చెప్పండి. చెప్పకపోతే మీరు ఈ వీధి దాటేదాకా కాపలా కాసే ఓపిక నాకు లేదు."

ప్రకాశరావు వీధిని చూశాడు. వీరబాబు చేతిలో తెడ్డు చూశాడు. అరుగు మీదికొచ్చి నిలబడ్డాడు.

"ఆగ్నెస్ పటం అమ్మలేదు," అన్నాడు.

"గట్టిగా," అంది మరియమ్మ. "నాకు చెవుడు."

"ఆగ్నెస్ అమ్మలేదు! నేను అమ్మాను!"

మరియమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేవీ జీపు ఇద్దర్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సమాధుల దొడ్డిలో ఆగ్నెస్ సమాధి మీద చోటు చాలక కొవ్వొత్తులు నేల మీద కూడా పెట్టాల్సొచ్చింది. నవంబరు పండుగ డిసెంబర్లో జరిగింది. ఆదివారం మరియమ్మ ముందు బల్ల మీద కూర్చుంది, పక్కవాళ్ళు జరిగి మరీ చోటిచ్చారు. ఆమె ఎవరి వంకా చూడలేదు. క్షమించడానికి ఆమెకి ఇంకా టైం పడుతుంది, పట్టాలి కూడా.

పండుగ ముందురోజు సెబాస్టియన్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, ఒకటి చెప్పు. నాకు బియ్యం డ్రమ్ము, అక్కకి బీరువా, నాన్నకి ట్రంకు. ఇంతకీ నిజం డబ్బా ఎక్కడ పెట్టేదానివి?"

"ఇంట్లో ఎందుకు పెడతాన్రా? పక్కింటి తెరేసమ్మ గారింట్లో."

సెబాస్టియన్ లేచి నిలబడ్డాడు. "అయితే అక్క రేవు కూడా..."

"సముద్రంలో లేనే లేదంట. ఒక పక్క ఒడ్డు కోసుకుపోతే ఇంకో పక్క గోదారి మట్టి తెచ్చి సముద్రాన్నే వెనక్కి నెట్టేసిందంట. ఓడలాగిన చోటు మెట్టకూరు చేల కింద పూడిపోయి ఉందని నాకొక్కదానికే చెప్పింది. అక్కడ నాట్లేసేటోళ్ళకి కూడా తెలీదు."

ఫోన్ మోగింది. ఢిల్లీ నుంచి. ప్రకాశరావు కుర్చీలోకి వచ్చిన కొత్తాయన. అభినందనలు చెప్పాడు, మెడల్ అన్నాడు, చివరికి అసలు సంగతికి వచ్చాడు. ఆగ్నెస్ కనిపెట్టిన నిజమైన రేవు ఎక్కడో తనకీ, మంత్రిత్వ శాఖకీ, ఇంకో కమిటీకీ వెంటనే కావాలన్నాడు.

సెబాస్టియన్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి తల్లి వైపు చూశాడు. "ఏం చెప్పమంటావమ్మా?"

మరియమ్మ అచ్చుని పిండిలో ముంచి, నూనెలో పెట్టి, పువ్వు విచ్చుకునేదాకా చూసింది.

"చెప్పు నాన్నా, అడిగినోళ్ళకి లేదనకూడదు. కాపోతే ఒక్కొక్కళ్ళకి ఒక్కో చోటు చెప్పు."